తాబేలు డొక్కలో తలుపు

పూల పని సుకుమారమైనదని చెప్పేవాళ్ళెవరూ జిగురు డబ్బాలో చెయ్యి పెట్టి ఎరగరు. జిగురక్క వేళ్ళ మీద తోలు నిలవదు. ఊరేగింపు శకటాలు తయారుచేసే ఆ షెడ్డులో పూలు అంటించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎండు పూలు ముందే జిగురుతో అంటిస్తారు. పచ్చి పూలు వాడిపోకుండా చివరి పూట చిన్న చిన్న నీళ్ళ గొట్టాల్లో గుచ్చుతారు. పచ్చిది లాగితే వస్తుంది. ఎండుది పట్టిందంటే గోరు కూడా దిగదు.

ఈసారి శకటం తాబేలు. ఇంటి ఎత్తు. డిప్పంతా ఎండు చామంతులు, మెడకూ కాళ్ళకూ తాజా గులాబీలు. దాని కడుపులో కూర్చుని బండి నడిపేవాడు జిగురక్క మరిది.

డిప్ప ఎడమ పక్కన చిన్న తలుపుంది, అతను ఆపదలో బయటపడడానికి. దాని మీద పచ్చి పూలే గుచ్చాలి. నిన్న కంట్రాక్టరు వచ్చి ఆ తలుపు గీత చూసి మొహం చిట్లించాడు.

"పోటీ జడ్జీల కంటికి అది కత్తిగాటులా ఉంటుంది. ఎండు పూలతో కప్పెయ్. వాడెలాగూ కింద కన్నంలోంచే దూరతాడుగా."

జిగురక్క కప్పేసింది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది: రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, తలుపెక్కడుందో తనకే తెలియనంత బాగా కుదిరిందని మురిసిపోయింది.

ఇవాళ పొద్దున మరిది బండి కిందకి పాకాడు.

"వదినా, కడుపులోకి వెళ్ళి గుడ్డు పెట్టొస్తా!"

"పెట్టు నాయనా. పొదగడానికి మీ ఆవిణ్ణి పిలుస్తాలే."

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఇంజన్ మోగింది. తాబేలు రెండు గజాలు కదిలింది. ఫట్‌మని వెనక టైరు పేలింది. అంత బరువూ ఒక్కసారి నేల మీద కూలబడింది. కింద కన్నం మూసుకుపోయింది. పొగగొట్టం విరిగి, కాలుతున్న కొస డిప్ప లోపల పరిచిన గడ్డికి ఆనుకుంది.

"ఇంజన్ ఆపరా!"

"ఆపేశా!"

ఇంజన్ ఆగింది. పొగ ఆగలేదు.

"వదినా, ఎడమ తలుపు! తొందరగా!"

జిగురక్క ఎడమ పక్కకు ఉరికింది. తలుపు లేదు. చామంతులే. అరచేత్తో తడిమింది. ఎక్కడ తడిమినా ఒకటే నునుపు.

కంట్రాక్టరు అడ్డం వచ్చాడు. "చెయ్యి పెట్టకు! జాకీ తెస్తున్నారు. జడ్జీలు గేటు దాకా వచ్చేశారు. అయిదు నిమిషాలు ఓపిక పట్టు."

"నువ్వు అయిదు నిమిషాలు ఊపిరి బిగబట్టు, చూస్తా!" ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని నువ్వు అనడం ఇదే మొదలు. "ఒరేయ్, తలుపును తన్ను!"

లోపల దగ్గు. తర్వాత ధబ్ ధబ్. డిప్పంతా బోలే, చప్పుడు అన్ని పక్కలనుంచీ వినిపిస్తోంది. చెవులతో లాభం లేదని చెంపను పూలకు ఆనించి జరుపుకుంటూ పోయింది. ఎండు రేకులకు చెంప గీరుకుపోయింది. తన్నులు పలచబడుతున్నాయి. భుజం ఎత్తులో ఒకచోట చామంతులు సన్నగా వణికాయి.

జిగురు గీకే ఇనుప పలకను అక్కడ దించింది. దిగలేదు. రాయిలా ఉంది తన పని. రెండో దెబ్బ, మూడో దెబ్బ. మిగతా ఆడవాళ్ళు కత్తెరలు పట్టుకుని మీదపడ్డారు. తలుపు ఒక మూల పగిలింది. లోపల ఎర్రగా నిప్పు. ఎవరో గులాబీల బకెట్టు ఎత్తి నీళ్ళతో, పూలతో సహా లోపలికి కుమ్మరించారు. ఇంకో బకెట్టు. తలుపు ఊడి వచ్చింది. దాని వెంటే మరిది తలకిందులుగా జారి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. మసి మొహం. జుట్టులో గులాబీ.

"నా డిప్ప!" కంట్రాక్టరు తల పట్టుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. టైరు మార్చండి, గొట్టం బిగించండి, తలుపు మళ్ళీ అంటించండి. వాణ్ణి కూర్చోబెట్టండి."

జిగురక్క తలుపు చెక్కను నేల మీద పడేసి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఈ తలుపు పెట్టం. ఇలాగే వెళ్తే వెళ్తుంది. లేదూ, తాబేలును నువ్వే నెత్తిన మోసుకుపో."

కంట్రాక్టరు మిగతా ఆడవాళ్ళ వైపు చూశాడు. ఒక్కరూ బ్రష్షు ముట్టుకోలేదు.

టైరూ గొట్టమూ బాగయ్యాక, పదకొండింటికి తాబేలు రోడ్డెక్కింది. ఎడమ డొక్కలో ఇంత నల్లటి బొక్క. ఆ బొక్కలోంచి మరిది కాలొకటి బయటికి వేలాడుతోంది, జనమంతా చూసేలా. జిగురక్క నీళ్ళ బకెట్టు పట్టుకుని ఆ కాలి పక్కనే, ఊరేగింపు చివరిదాకా నడిచింది.