త్రాసు పట్టేవాడు

మా రోమ్‌లో తండ్రి బతికున్నన్నాళ్లూ కొడుకు ఆయన సొత్తే. విడిపించాలంటే మూడుసార్లు అమ్మాలి. ఈ నియమం పెట్టినవాడు ఏనాడూ త్రాసు పట్టి ఉండడు.

వోపిస్కుస్ తన కొడుకును పొరుగాయనకు రెండుసార్లు అమ్మాడు. ఆయన వదిలేసిన రెండుసార్లూ వాడు మళ్లీ తండ్రి సొత్తే అయ్యాడు. ప్రతి అమ్మకానికీ త్రాసు ఎత్తి పట్టుకోవాల్సింది నేనే; నా చెయ్యి లాగేస్తోంది.

"కానివ్వండయ్యా, సాక్షులు కునికిపాట్లు పడుతున్నారు!" అన్నాను.

పొరుగాయన మూడోసారి వాడి భుజం పట్టుకుని, "చట్టప్రకారం వీడు నావాడు," అంటూ కంచుముక్కతో త్రాసును తట్టాడు. వెంటనే వదిలేశాడు. విడుదలైన కుర్రాడు ఎగిరి గంతేసి నన్నడిగాడు:

"తాతా, నిన్నెప్పుడు విడిపించారు?"

నాకు యాభై దాటాయి. మా నాన్న ఇంకా గట్టిగానే ఉన్నాడు.

"దూరంగా గెంతరా! త్రాసు సొట్టపడితే మా నాన్న ఊరుకోడు. ఇదీ ఆయనదే."