అత్తయ్య కన్ను, ఆయన వాదనలు

మా ఆయన ఉదయ్ భాస్కర్ పరిశోధనంతా వాదనల మీదే. ఇంట్లో నాతో మాత్రం వాదించరు, దానికి కంప్యూటర్ ఉంది. ఒక్కో వాదనకూ తెర మీద ఒక సున్నా చుడతారు. ఏ వాదన దేన్ని కొడుతుందో బాణం గీస్తారు. నిలబడిన సున్నా ఆకుపచ్చగా, ఓడింది ఎర్రగా, ఎటూ తేలనిది పసుప్పచ్చగా మారుతుంది. ఈ విద్యను మా అత్తయ్య వీరరాఘవమ్మ గారి కుడికంటి శుక్లం మీద ప్రయోగించారు.

"జెర జల్దీ చేయించుర్రి. ముదిరితే తక్లీఫ్ అయితది," అన్నారు చిలకలగూడలో కంటి డాక్టరు గుల్నాజ్. ఆపరేషన్ ఆకుపచ్చ. మర్నాడు అత్తయ్యకు షుగరు పెరిగింది. ఎరుపు. షుగరు తగ్గింది, ఆకుపచ్చ. పక్కింటి కాంతమణి గారికి ఆపరేషనయ్యాక నెల్లాళ్ళు కన్ను నీరు కారిందట. మళ్ళీ ఎరుపు.

"కొత్త సంగతి తెలిస్తే తీర్పు మారాలి ఇంద్రజా, అదే దీని గొప్పతనం," అన్నారాయన. అలా నాలుగు నెలలు గొప్పగా మారింది. ఈలోగా అత్తయ్య పాలనుకుని మజ్జిగలో డికాక్షన్ పోయడం మొదలుపెట్టారు.

అత్తయ్యను అడిగితే "చూద్దాం" అనేవారు. ఈయన దానికి పసుపు వేశారు. నాకు ఒళ్ళు మండింది. మా మారేడ్‌పల్లిలో ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు చూద్దాం అన్నారంటే వద్దని అర్థం. అది తెలియడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

"ఎందుకు వద్దంటున్నారు అత్తయ్యా?" అని నేనే అడిగాను.

"బల్ల మీద పడుకోబెట్టి కంట్లో సూది పెడతారటగా. బయట నా కొడుకు కూర్చుంటే ధైర్యంగా ఉంటుంది. వాడికి తీరికేదమ్మా?"

"నేనొస్తాగా."

"నువ్వెలాగూ వస్తావు."

ఆ మాట ఆయనకు చెప్పాను. కదిలిపోయారు, నిజంగానే. వెంటనే 'కొడుకు తోడు రాడు' అని కొత్త సున్నా చుట్టి, ఆపరేషన్ మీదికి బాణం గీశారు. ఎరుపు.

"మరి దీన్ని కొట్టే వాదన?" అన్నాను.

ఆయన ఇంకో సున్నా చుట్టారు, చుక్కల గీతతో. ఉంటుందో ఉండదో ఇంకా తెలియని వాదనకు చుక్కల గీత వాడాలట. లోపల తన పేరు రాసుకున్నారు.

మా మాటలు విని వచ్చిన అత్తయ్య తెర దగ్గరికి వంగారు. "ఇందులో నువ్వెక్కడున్నావురా? నాకు కనపడట్లేదు."

ఆయన అక్షరాల సైజు పెంచారు.