తీగ మీద నల్లకోటు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో జగన్నాథం క్వార్టరు వెనక బట్టలారేసే తీగ ఒకటుండేది. రోజూ ఏడింటికల్లా అతని తల్లి అసిరమ్మ ఉతికిన బట్టలన్నీ దాని మీద వేసేది. నీళ్లు కారడం ఆగగానే ఒక్కో బట్టలోకి దాన్ని తొడుక్కునే మనిషి ఒళ్లు వచ్చి నిలబడేది. జగన్నాథం ఖాకీ చొక్కాకి ఎడమ భుజం కిందికి దిగేది. ముప్పై ఏళ్లుగా ఇంజన్లోంచి అటే వంగి సిగ్నళ్లు చూసిన భుజం అది. కొత్త బట్టయినా అంతే, ముందు ముందు ఎవరు తొడుక్కుంటారో వాళ్ల ఒళ్లే వచ్చేది. ఎవరూ తొడుక్కోని బట్ట మాత్రం ఉత్త గుడ్డలా వేలాడేది. అలాంటివి అసిరమ్మ చింపి మసిగుడ్డలు చేసేది. పక్క క్వార్టరు వాళ్లకి తమ వైపు నీడ పడుతుందన్న చిరాకు తప్ప మరేం ఉండేది కాదు.

జగన్నాథం కూతురు తనూజ బొమ్మలు గియ్యడం ఆ తీగ దగ్గరే నేర్చుకుంది. ముందు కనకం టైలరు షాపులో పాత క్యాలెండర్ల వెనక జాకెట్ల నమూనాలు గీసింది. తరవాత గోల్ బజారులో ఒక చీరల దుకాణానికి పేపరు ప్రకటనల్లో బొమ్మలు వేసింది. సేఠు మొహం చిట్లించాడు.

"ఈ ఆడవాళ్ల భుజాలు వంకరేంటి బేటీ? సన్నగా, పొడుగ్గా గియ్."

గీసి చూసింది. చీర మేకుకి తగిలించినట్టుంది గాని కట్టుకున్నట్టు లేదు. చింపేసి మళ్లీ తన పద్ధతికే వచ్చింది. ఆ వంకర భుజాల బొమ్మలు చూసే బొంబాయి నించి ఒక బట్టల కంపెనీ ఉత్తరం రాసింది. సోమవారం వచ్చి చేరాలి, రాకపోతే ఇంకొకరిని తీసుకుంటాం అని.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. ఆ సోమవారానికి ముందు శుక్రవారం జగన్నాథానికి కంటి పరీక్ష. చూపు పనికిరాదని డాక్టరు రాస్తే డ్రైవరు ఇంజను దిగిపోవాలి. దానికి బదులు పిల్లల్లో ఒకరికి ఉద్యోగం అడగొచ్చు. జగన్నాథం కళ్లకి ఏ జబ్బూ లేదు. కర్గీ రోడ్ సిగ్నల్ మైలు దూరం నించే చెబుతాడు. అయినా డాక్టరు చదివించే అక్షరాల అట్ట మీద మూడో వరుస దగ్గర ఆగిపోవాలని నిశ్చయించుకున్నాడు. తనూజకి టికెట్ కలెక్టరు నౌకరీ వచ్చేసినట్టే అనుకుని కనకం చేత నల్లకోటు కూడా కుట్టించాడు.

"ముఝే నహీ చాహియే నాన్నా, నాకొద్దు," అంది తనూజ.

"బొమ్మలు గీస్తే పెన్సనిస్తారేటే? క్వార్టరిస్తారా, పాసులిస్తారా?"

"కళ్లుండీ గుడ్డోడినని సెప్తావేట్రా?" అంది అసిరమ్మ. "ఇంజను దిగిపోయి ఇంట్లో కూకుని ఏటి సేస్తావు? నాతో కందులు బాగుసేస్తావా?"

"నువ్వూరుకోయే అమ్మా. కోటు తడుపు."

కొత్త బట్టని ఒకసారి తడిపి ఆరేస్తే గాని ఆ ఇంట్లో ఎవరూ తొడగరు. శుక్రవారం పొద్దున్న అసిరమ్మ కోటు తడిపి తీగ మీద వేసింది. పది గంటలకి పరీక్ష.

ఎనిమిదింటికి ఖాకీ చొక్కా భుజం దించి నిలబడింది. దాని పక్కన అసిరమ్మ చీర నడుం మీద చెయ్యేసుకుంది. కోటు నీళ్లు కారుతూనే ఉంది. ఎనిమిదిన్నరకి అదీ ఆగింది. జగన్నాథం కోటుని ఎండ తగిలే చోటికి జరిపాడు. చేతులు దులిపాడు. కాలరు సరిచేసి రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. తొమ్మిది దాటింది. కోటు ముందూ వెనకా అంటుకుపోయి గుడ్డలా వేలాడుతోంది. జగన్నాథం కోటు ఒక చేతిలోకి తన చెయ్యి పెట్టి మోచేతి దాకా తడిమి తీశాడు.

తనూజ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"రా. దరకాస్తు మీద నువ్వూ సంతకం పెట్టాల," అని జగన్నాథం సైకిలు తీశాడు.

ఆస్పత్రిలో తనూజని తెర ఇవతల బల్ల మీద కూర్చోబెట్టారు. ఉద్యోగం దరఖాస్తు కాగితం ఆమె ఒళ్లో ఉంది. లోపల డాక్టరు చదవమన్నాడు. జగన్నాథం మొదటి వరుస చదివాడు, రెండోది చదివాడు. మూడో వరుస ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి ఆగిపోయాడు.

"ఆగే?" అని తరవాతి వరుస అడిగాడు డాక్టరు.

తనూజ చేతి చెమటకి కాగితం మెత్తబడింది.

"దిఖ్ నహీ రహా క్యా, డ్రైవర్ సాబ్? లిఖ్ దూఁ?" కనబడటం లేదని రాసెయ్యనా అని డాక్టరు అడిగాడు.

జగన్నాథం గొంతు సవరించుకున్నాడు. నాలుగో వరుస చదివాడు. అయిదు, ఆరు, స్టేషన్లు దాటించినట్టు ఆగకుండా చదివాడు.

"బస్, బస్, హో గయా," అన్నాడు డాక్టరు నవ్వుతూ.

జగన్నాథం ఆగలేదు. అట్ట అడుగున చీమల్లా ఉన్న, దాన్ని అచ్చేసిన ప్రెస్సు పేరూ, అది ఉన్న వీధి పేరూ కూడా గట్టిగా, తెర ఇవతలికి వినబడేలా చదివాడు.