ఆఖరి పేరాలో నాంచారమ్మ

సంజీవరావు గారి లెక్కలో పత్రికలో పనిచేసేవాడికి రెండే సంగతులు తెలియాలి. ఒకటి, ముఖ్యమైనది ముందు రాయడం. రెండోది, పెద్దవాళ్లు పోయేదాకా ఆగకుండా వాళ్ల సంతాప వార్త రాసి బీరువాలో దాచుకోవడం. బెజవాడ పక్కన కొత్తగా పెట్టిన ఆ చిన్న యూనివర్సిటీలో జర్నలిజం శాఖంటే ఒక గది, పట్టుమని పదిమంది లేని క్లాసు, ఒక బీరువా, సంజీవరావు గారూను. దినపత్రికలో సబ్ ఎడిటరుగా పనిచేసి వచ్చిన మనిషి కావడంతో ఎర్రపెన్సిల్ ఆయన చెవి మీంచి దిగేది కాదు.

"మీ ఊళ్లో పేరున్న పెద్దమనిషిని చూసుకోండి. ఆయన పోయినట్టే రాయండి, తేదీ మాత్రం ఖాళీగా వదలండి. జాగా చాలకపోతే కింద నుంచి కోసేస్తారు కనుక, భార్యాపిల్లల సంగతి ఆఖరి పేరాలో పడెయ్యండి," అన్నారాయన. "ఎవరిది బాగుంటే వాళ్లని వేసవిలో బెజవాడ పత్రికాఫీసుకి ట్రైనింగుకి పంపుతాను."

ట్రైనింగు మాట వినగానే కాశీరావు ప్రాణం లేచొచ్చింది. కొల్లేటి లంకలో చేపలు పట్టే ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటివాడు అతనే. "వార్తలకి కూడా చదువేంట్రా, రేడియోలో చదువుతున్నారుగా" అని ఊరంతా ఆటపట్టిస్తుంటే, పేపరాఫీసులో కూర్చుని చూపించాలని పంతం మీదున్నాడు. పేరున్న పెద్దమనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాడు. తుఫాను ఏడాది దోనె వేసుకెళ్లి మునిగిన ఇళ్ల కప్పుల మీంచి జనాన్ని దింపుకొచ్చిన పేరయ్య, కాశీరావుకి సొంత తాత.

చిక్కల్లా ఒకటే, తాత గుండ్రాయిలా ఉన్నాడు. ఆ మనిషి ఎదురుగా కూర్చుని 'నువ్వు పోయినట్టు రాస్తున్నాను' అనడానికి కాశీరావుకి నోరు రాలేదు. "నీ గురించి పేపరుకి రాస్తున్నా తాతా" అని ఊరుకున్నాడు.

పేరయ్య గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని అరుగు మీద బైఠాయించాడు. చెప్పినకొద్దీ ఆయన కాపాడినవాళ్లు ఎక్కువైపోతున్నారు. పక్కింటి పోలరాజు పరిగెత్తుకొచ్చి, ఆ దోనె తనదేనని, తన పేరు కూడా పడాల్సిందేనని తగువేసుకున్నాడు. గుమ్మంలో వల చిరుగులు కుట్టుకుంటున్న మామ్మ నాంచారమ్మ తలెత్తకుండా అంతా వింటోంది.

"ఎప్పుడేస్తార్రా?" అన్నాడు పేరయ్య.

కాశీరావు చేతిలో కాయితాలు సర్దుకున్నాడు. "కొంచెం టైం పడుద్ది తాతా."

"అంటే? వచ్చే నెలా?"

"అది... నీ చేతిలో ఉంది."

నీళ్ల రంగు చూసి చేప జాడ చెప్పే మనిషికి మనవడి మొహం చదవడం ఎంతసేపు? "ఒరే, నేను పోయాక ఏస్తారేంట్రా?"

పోలరాజు గబుక్కున లేచి, "నా పేరు కొట్టేయ్ అబ్బాయ్, ఆ దోనె ఎవరిదో నాకు తెలవదు" అంటూ ఇంటిదారి పట్టాడు.

"బతికున్నోళ్లని చంపే చదువేంట్రా, నీ చదువు తగలెయ్య!" అని నాంచారమ్మ విరుచుకుపడింది. పేరయ్య మాత్రం దగ్గొచ్చేదాకా నవ్వాడు. "చదవరా. పోయాక నేనెట్టాగూ వినలేనుగా."

కాశీరావు అప్పటిదాకా రాసింది చదివాడు. దోనె, తుఫాను, జనం చేసిన సన్మానం, అన్నీ అయ్యాక ఆఖరి వాక్యం, "ఆయనకు భార్య, కుమారులు ఉన్నారు."

పేరయ్య నవ్వు ఆగిపోయింది. "మీ మామ్మని అంత కిందేశావేంట్రా?"

"ముఖ్యమైంది ముందు రాయాలి తాతా, జాగా చాలకపోతే కింద నుంచి కోసేస్తారు. ఎవరి ఆడాళ్లనైనా అక్కడే ఏస్తారు. అది రూలు."

"ఆ గాలిలో దోనె ముందు కూర్చుని తెడ్డేసిందెవరు? చూరు పట్టుకుని వేలాడే పిల్లల్ని ఒళ్లోకి లాగిందెవరు? నేను వెనకాల గెడేశాను, అంతేగా! ముఖ్యమైంది ముందు రాయాలని నువ్వేగా చెప్పావు. తీసుకొచ్చి పైన రాయి."

"ఏమని రాయను?"

పేరయ్య తడబడ్డాడు. ఆ ఇళ్లలో మొగుడు పేరు పెళ్లాం పలకదు, పెళ్లాం పేరు మొగుడూ పలకడు. కాపురానికొచ్చినప్పటి నుంచి ఆవిణ్ని ఆయన పిలిచింది 'ఏమేవ్', 'ఇదిగో', 'నిన్నే' అని మాత్రమే. ఆయన కొల్లేటి వైపు చూస్తూ, "నాంచారమ్మ," అన్నాడు. "నాంచారమ్మా, ఆవిడ మొగుడు పేరయ్యా అని రాయి."

గుమ్మంలో వల కుట్టే చెయ్యి ఆగిపోయింది. "మనవడి ముందు, సిగ్గు లేకుండా," అంటూ ఆవిడ గోడ వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు.

బస్సులో బెజవాడ చేరేదాకా కాశీరావు కొట్టుమిట్టాడాడు. ఆవిణ్ని పైకి తెస్తే ట్రైనింగు గోవిందా. కింద వదిలేస్తే మళ్లీ తాత మొహం చూడలేడు. తిట్టుకుంటూనే పైన రాశాడు.

సంజీవరావు గారు చదివి పెన్సిల్ కింద పెట్టారు. "పోయినాయన కంటే ఉన్నావిడ ముందుంది. ఇది సంతాప వార్త కాదు." ట్రైనింగు కంకిపాడు రామకోటేశ్వరరావుకి దక్కింది, అతను సొంత మేనమామని రూలు ప్రకారం చక్కగా చంపి తెచ్చాడు. కాశీరావుకి ఏడుపొచ్చింది. లేచి వెళ్లబోతుంటే ఆయనే పిలిచారు. "ఆవిడ బతికే ఉందిగా? బతికున్న మనిషి కబురు బీరువాలో పెట్టడమెందుకయ్యా? మీ తాతది బీరువాలో ఉండనీ, నువ్వెళ్లి ఆవిణ్ని అడిగిరా. మన డిపార్టుమెంటు పేపరు మొదటి పేజీలో వేద్దాం."

పేపరు అచ్చయి వచ్చాక కాశీరావు అరుగు మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాడు. పేరయ్య చెవి రిక్కించి విన్నాడు. "నా పేరేదిరా?"

"ఆఖరి పేరాలో రాశాను తాతా. జాగా చాలక కోసేశారు."

పేరయ్య పేపరు లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. "పోనీ నేను పోయాక ఏసేది, ఆ బీరువాలోదన్నా ఉందిగా?" అన్నాడు.

నాంచారమ్మ వల పక్కన పెట్టింది. "దాన్ని అక్కడే ఉండనీరా, చెదలు పట్టనీ," అంది. ఆ తరవాత ఎవరి వైపూ చూడకుండా, "పేరయ్య కబురుకి తొందరేం లేదు" అని లోపలికెళ్లిపోయింది.