వదిన కెమెరాలో గడియారం

ఫోటోలు సిద్ధమయ్యాయని ఫోటోగ్రాఫర్ మెసేజ్ పెట్టినప్పుడు నేను బట్టలు ఆరేస్తున్నాను. చేతిలో ఉన్న మా ఆయన చొక్కాని తడిగానే భుజాన వేసుకుని లోపలికి పరుగెత్తాను. పెళ్లయి పంతొమ్మిది రోజులైంది. 'మా ఆయన' అని రాసుకోవడం ఇంకా ముచ్చటగానే ఉంది.

మొత్తం రెండు వేల మూడు వందల ఫోటోలు. వదిన తన పాత కెమెరాతో తీసిన నాలుగు వందలూ కలిపి మా ఆయన ఒకే ఫోల్డరులో పోశారు. ఆల్బమ్‌కి వంద ఎంచి రేపు మధ్యాహ్నంలోగా పంపాలట. ముగ్గురం ల్యాప్‌టాప్ చుట్టూ చేరాం. వదిన అంటే మా ఆయన అక్క. పెళ్లి పనులన్నీ ఒంటిచేత్తో లాక్కొచ్చి, మా కొత్త కాపురం సర్దిపెట్టడానికి ఆగిపోయింది. రేపు సాయంత్రం బస్సుకి వెళ్లిపోతుంది.

ఒక్కో ఫోటోకీ నేను గంతులేస్తున్నాను. గంట గడిచాక వదిన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మెల్లగా అంది.

"ఇంతకీ నేను పెళ్లికొచ్చానంటావా, మరదలా?"

నవ్వుతూనే అంది. మేమూ నవ్వాం. తర్వాత కూరగాయలు తరుగుతానని వంటింట్లోకి వెళ్లింది. కత్తి చప్పుడు మామూలు కంటే గట్టిగా వినిపించింది. నాకిక కాలు నిలవలేదు.

ముఖాలు గుర్తుపట్టే ప్రోగ్రామ్ పెట్టి వెతికాను. అది మా బాబాయిని నూట నలభై చోట్ల పట్టింది, కారు డ్రైవరుని ఇరవై చోట్ల. వదినని ఒక్కచోటా పట్టలేదు. నా కళ్లకి దొరికింది ఒక చెవి, సగం జడ. ఇదేమిటని మా ఆయన్ని నిలదీస్తే, రోజంతా కెమెరా కంటికి అంటించుకునే తిరిగింది కదా, ముఖమెక్కడ కనిపిస్తుంది అన్నారు.

అక్కడే తట్టింది. వదిన మమ్మల్ని తీసిన ప్రతిసారీ మాకు ఎదురుగానే ఉండి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫర్ మా వెనకనుంచి తీసి ఉంటే, అందులో ఆమె పడి ఉండాలి. కెమెరా దించిన క్షణం ఒక్కటి దొరికినా చాలు. ప్రతి ఫోటో లోపలా తీసిన సమయం రాసే ఉంటుంది. రెండు కెమెరాల సమయాలూ పక్కపక్కన పెట్టడమే.

పెట్టాను. వదిన ఫోటోల లెక్కన మా పెళ్లి పదహారేళ్ల కిందట, జనవరి ఒకటిన, అర్ధరాత్రి దాటాక జరిగింది. అప్పటికి నేను మూడో తరగతి.

కెమెరాలో తేదీ ఎవరూ పెట్టలేదన్నమాట. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి సంతకాలప్పుడు పెన్ను రాయక నేను విదిలిస్తే, సిరా ఆయన చొక్కా చేతి మీద పడింది. ఆ విదిలింపు రెండు కెమెరాల్లోనూ ఉంది. రెండు సమయాలకీ తేడా తీసి వదిన ఫోటోలన్నిటికీ కలిపేశాను. సంతకాలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. కానీ భోజనాలు సంతకాల కన్నా ముందే అయిపోయాయి! తల పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, కెమెరాని మధ్యలో ఏమైనా చేశారా అని అడిగాను.

"ఏం చేస్తాను? కాసేపు బ్యాటరీలు తీసి పర్సులో వేసుకున్నా. ఊరికే ఉంచితే అరిగిపోవూ?"

బ్యాటరీలు తీసినప్పుడల్లా ఆ గడియారం మళ్లీ మొదటికొస్తుంది. మా పెళ్లి రోజున ఆ కెమెరా రెండుసార్లు పుట్టింది. వదినకి ముద్దు పెట్టాలో మొట్టికాయ వేయాలో తేలలేదు.

ఫైలు నంబర్లు మాత్రం వరసగానే ఉన్నాయి. వాటిని పట్టుకుని రెండో సగాన్ని విడదీశాను. మెట్ల మీద బాబాయి గొడుగు గాలికి తిరగబడిన క్షణం ఇద్దరూ తీశారు. మళ్లీ తేడా, మళ్లీ కూడిక. భోజనం చల్లారిపోతోందని ఆయన రెండుసార్లు పిలిచారు. ఊ కొట్టి ఊరుకున్నాను.

మూడూ పన్నెండుకి, మేం కారెక్కబోతుంటే వదిన మమ్మల్ని తీసింది. పదకొండు సెకన్ల తర్వాత ఫోటోగ్రాఫర్ మా వెనకనుంచి తీసినదాంట్లో మేమిద్దరం మసకగా ఉన్నాం. మా భుజాల మధ్య వదిన. కెమెరా మెడకి వేలాడుతోంది. రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వుతోంది, కళ్లు తడిగా ఉన్నాయి. ముఖం సగం చేతుల్లో దాస్తే పాపం ప్రోగ్రామ్ మాత్రం ఎలా పడుతుంది?

ల్యాప్‌టాప్ ఎత్తుకుని పరుగెత్తాను. వదిన చాలాసేపు చూసింది.

"జుట్టు చూడు, పిచ్చిదానిలా" అంది. కళ్లజోడు మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఆల్బమ్ జాబితాలో మొదటి నంబరు అదే రాశాను.

"రేపు పొద్దున్నే ఆ కెమెరా నాకివ్వండి, వదినా. ముందు గడియారం సరిచేస్తా. బస్సెక్కేదాకా నేను తీస్తుంటా, మీరు ఊరికే నిలబడాలి. బ్యాటరీలు మాత్రం తీయనివ్వను" అన్నాను.