ఫైలు మీద మంగళవారం

ప్రొద్దుటూరు నగల వ్యాపారి ఆదినారాయణకు అనుమానం పుట్టిందంటే అన్నం సహించదు. బుధవారం, కంప్యూటర్లో నగలు గీసే మంజుశ్రీ ఓ మామిడిపిందెల హారం చూపించి, మూడు నెలల కష్టమంది. తీరా చూస్తే, పోయిన శుక్రవారం నుంచీ ఎదురు అంగడి అద్దాల్లో వేలాడుతున్నదీ అదే!

నమూనా కోసం తగువొస్తే, ఎవరి గీతకు పాత తేదీ ఉంటే వాళ్లదేనని బజారు కట్టుబాటు. మంజుశ్రీ భోజనానికి పోగానే ఆయన ఫైలు తేదీ చూశాడు. నిన్నటి మంగళవారం! ఇంకేముంది, దొంగ దొరికింది. పిల్లను ఒక్కమాటైనా అడగాలా, వద్దా? అడగలేదు మహానుభావుడు. ఆమెను పనిలో పెట్టుకోవద్దని జమ్మలమడుగు, పులివెందుల నగల వ్యాపారులకు ఫోన్లు కొట్టాడు.

తిరిగొచ్చిన మంజుశ్రీ విని బిత్తరపోయింది.

"మంగళవారం కొత్త కంప్యూటర్ వచ్చింది గద సార్. గీతలన్నీ గిట్‌లో, అంటే ఏ రోజు ఏం మార్చినామో రాసిపెట్టుకునే ఆన్‌లైన్ ఖాతాలో, దాచిపెట్టి ఉంటిని. ఆడ నుంచి దించుకున్న రోజే ఫైలు మీద పడతాది."

"పాత తేదీ నిలుపుకోలేనిది అదేం దాచడం? ఎవురికి చెప్తాండావు కతలు?"

"నిలిపితే గీత చూసి నగకు అచ్చు పోసే మిషను మోసపోతాది సార్. గీత మారిందో లేదో అది ఫైలు తేదీ చూసే తెలుసుకుంటాది. మనం పాత గీతకు ఎనక్కి పోయినామనుకోండి, దాని మీద పాత తేదీనే ఉంటే, ఏమీ మారలేదనుకొని ముందటి అచ్చే పోసేస్తాది. అసలు తేదీలు గిట్ చరిత్రలో ఉంటాయి, చూడండి."

ఏ రోజు ఏం మార్చిందో వరసగా తెర మీదికొచ్చింది. జూలై పదకొండు నాటి సగం హారం దగ్గర ఆదినారాయణ కళ్లు ఆగిపోయాయి. తన అంగట్లో తెర మీద కనబడిన ఆ బొమ్మను అప్పట్లో ఎవరిదని కూడా అడక్కుండా, వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో గొప్పకు పెట్టి మరిచిపోయింది తానే. ఎదురంగడివాడూ అందులో ఉన్నాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

"తప్పు నాదే పాపా. ఇప్పుడే అందరికీ చెప్తా" అని, మంజుశ్రీ వినాలని స్పీకర్ పెట్టి పులివెందుల సుబ్బన్నకు ఫోన్ చేశాడు. దొంగతనం లేదు, ఏమీ లేదు, పిల్ల బంగారమని గడగడా చెప్పాడు.

సుబ్బన్న నవ్వాడు.

"నువ్వు శానా మంచోడివన్నా. ఆడపిల్ల పేరు బజార్న పడకూడదని కాపాడతాండావు. మాకు తెలీదా ఏంది? ఆ పాపను మా గడప మాత్రం తొక్కనీములే."