చెదలు తినని చీటీ

కాంపౌండరు జాకబ్‌కి యాభై నిండాయని మదనపల్లెలో తెలిసినవాళ్ళందరికీ తెలుసు. నిండి అప్పటికే ఆరేళ్ళయిందని మాత్రం ఆయనొక్కడికే తెలుసు.

పుట్టినరోజుకి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం చర్చివాళ్ళలో ఆచారం. పాటలు, ప్రార్థన అయ్యాక పుట్టినరోజు మనిషి లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు చేసిన మేళ్ళు తలుచుకుని, తన తప్పు ఒప్పుకుని, ఇకమీదట బాగా బతుకుతానని నలుగురి ముందు మాటివ్వాలి. జాకబ్ ఏటా ఒకే తప్పు ఒప్పుకునేవాడు, తనకు కోపం ఎక్కువని. అది ఊరందరికీ తెలిసిన తప్పే. ఒప్పుకుంటే ఆయనకు పోయేదేమీ లేదు.

తొంభై ఎనిమిది ఆగస్టులో, యాభయ్యోది కదా అని భార్య దెబోరా వాకిట్లో షామియానా వేయించింది. కేకు చెప్పింది. మొగుడికి తెలియకుండా, కుప్పం దగ్గర శాంతిపురంలో ఉండే మరిది సుబ్బయ్యకు కార్డు కూడా రాసింది. ఇన్నేళ్ళ కాపురంలో మరిది ఈ గడప తొక్కలేదని ఆవిడకు వెలితి. తొక్కకుండా చూసుకున్నది మొగుడేనని ఆ మహాతల్లికి ఏం తెలుసు!

సాయంత్రానికి సుబ్బయ్య దిగాడు. పుంగనూరులో బస్సు మారి, సంచిలో వేరుశనక్కాయలు మోసుకుని వచ్చాడు. జుట్టు తెల్లబడింది, నడుము వంగింది. క్వారీలో రాయి పడి కుడిచేతి రెండు వేళ్ళు ఎప్పుడో పోయాయి.

పాస్టరు గారి భార్య ఫ్లారెన్స్ ఎదురెళ్ళి నీళ్ళిచ్చి, "జాకబప్పా, మీ అన్నగారు వచ్చినారు సూడండి" అని కేకేసింది.

"అన్నను కాదమ్మా, నేను సిన్నోణ్ణి" అని సుబ్బయ్య నవ్వాడు.

జాకబ్ తలెత్తలేకపోయాడు.

ఆయన అసలు పేరు ఆదెప్ప. పెద్దపంజాణి దగ్గర పల్లెలో ఆదెప్ప పుట్టేనాటికి వాళ్ళ నాయన ఇంకా చర్చిలో చేరలేదు. పెద్దకొడుకు పుట్టిన తేదీ ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఆరేళ్ళకు, నాయన చర్చిలో చేరాక, సుబ్బయ్య పుట్టాడు. పాదిరి వచ్చి చంటిబిడ్డకు బాప్తిస్మమిచ్చి, జాకబ్ అని పేరు పెట్టి, పుట్టిన తేదీతో చీటీ రాసిచ్చాడు. ఆ పేరుతో ఇంట్లో ఎవరూ పిలవలేదు, సుబ్బయ్యకు అది తెలియనే తెలియదు. చీటీ మాత్రం అమ్మ ట్రంకుపెట్టెలో పడి ఉంది. ఆదెప్పకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఆసుపత్రిలో పని కనబడింది. ఇరవై ఐదు దాటితే తీసుకోం అన్నారు. అమ్మ పొలానికి పోయింది చూసి పెట్టె తెరిచాడు. ఆ రోజు నుంచి ఆయనే జాకబ్.

రెండేళ్ళకు తమ్ముడు ఆసుపత్రికి వెతుక్కుంటూ వచ్చాడు.

"బడిలో వాచ్‌మన్ పని ఉండాదంటన్నా. పాదిరిచ్చిన సీటీ తెమ్మంటాండారు. అది యాడుండాదో నీకు తెలుసునా?"

"సెదలు తినేసిందిరా" అన్నాడు అన్న, కళ్ళార్పకుండా.

ఇంకో చీటీ ఎవరినడగాలో తెలియక తమ్ముడు క్వారీకి పోయాడు.

ప్రార్థన ముగిసింది. "ఇప్పుడు జాకబ్ గారు సాక్ష్యం చెబుతారు" అన్నారు పాస్టరు గారు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడు వేళ్ళ చేత్తో సుబ్బయ్య అందరికంటే ఎక్కువగా కొట్టాడు.

జాకబ్ లేచాడు. సిగ్గుతో చచ్చిపోయాడంటారే, చచ్చిపోతే బాగుండేది. నిలబడాల్సి వచ్చింది. చెబితే ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. చెప్పకపోతే, ఇరవై ఎనిమిదేళ్ళుగా పోనిది ఇప్పుడు మాత్రం ఎందుకు పోతుంది?

"నాకు కోపం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ముందు వరసలోకి నడిచి, తమ్ముడి చెయ్యి పట్టుకుని లేపాడు. రెండు వేళ్ళు లేని చోటు ఆయన అరచేతికి తగిలింది.

"ఈ పుట్టినరోజు నాది కాదు, వీడిది. జాకబ్ అనే పేరు కూడా వీడిదే. సెదలు తినలేదురా సుబ్బయ్యా, ఆ సీటీని నేనే తిన్నా. పనికోసం నీ పేరు, నీ వయసు దొంగిలించినా." పాస్టరు గారి వైపు తిరిగాడు. "ఇంకమీద బాగా బతుకుతానని మాటియ్యాల గదా. రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోయి ఇదే మాట సెప్తా. ఆడ్నించి మొదులుపెడ్తా."

సాక్ష్యం ముగిస్తే అందరూ ఆమేన్ అనాలి. ఎవరూ అనలేదు. దెబోరా చేతిలో కేకు కత్తి అలాగే ఉండిపోయింది.

తమ్ముడు కొడతాడనుకున్నాడు జాకబ్. కొట్టాలనే కోరుకున్నాడు. సుబ్బయ్య కేకు మీది యాభై అంకెను చాలాసేపు చూసి, మెల్లగా అడిగాడు:

"అయితే నాకు యాభయ్యేనా అన్నా? అరవై దాటినాయనుకుంటాండా."